మొహం ఉన్న చుక్కలు

రేపల్లె పక్కన నగరం అనే ఊరుంది. పేరు నగరం, ఊరు పల్లెటూరు. రేపల్లె పేరులో పల్లె ఉంది, ఊరు మాత్రం పట్నం. అందుచేత ఈ ప్రాంతంలో పుట్టినవాళ్లకి పేరుకీ రూపానికీ పొంతన ఉంటుందనే ఆశ చిన్నప్పుడే పోతుంది. ఒక్క ప్రేమకుమారికే పోలేదు. కింద నత్తగుల్ల అని రాసి ఉంటే పైన ఉన్నది నత్తగుల్లలా కనపడి తీరాలని ఆమె పట్టు. ఆ పట్టుతోనే పేరు తెచ్చుకుంది. ఆ పట్టే ఒకసారి పీకల మీదికి తెచ్చింది.

ఇంటిపేరు కొల్లాబత్తుల. నగరంలో పంతులుగా చేసిన యాకోబుగారి కూతురు. డ్రాయింగు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసై, 1971లో రేపల్లెలో ఒక మిషన్ హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా చేరింది. అసలు పేరు రిజిస్టర్లో ఉండిపోయింది. ఊరికి ఆమె చుక్కల టీచరమ్మ.

చుక్కల సంగతి తెలియనివారికి ఒక్క మాట. ఇంటర్మీడియట్‌లో జువాలజీ తీసుకున్న ప్రతి ప్రాణీ కప్పనీ బొద్దింకనీ నత్తగుల్లనీ రికార్డులో బొమ్మ వెయ్యాలి. నీడ చూపించాలంటే పెన్సిలు రుద్దకూడదు, గీతలు కొట్టకూడదు. చుక్కలే పెట్టాలి. ఈ నియమం ఎవరు చేశారో, ఎవరి మీద కోపంతో చేశారో తెలియదు. పెద్ద నత్తగుల్లకి తక్కువలో తక్కువ మూడు వేల చుక్కలు పడతాయి.

ఎనభైల్లో రేపల్లె నుంచీ తెనాలి నుంచీ కూడా పిల్లలు రికార్డులు చంకన పెట్టుకుని ఆమె ఇంటికి వచ్చేవాళ్లు, వేసి పెట్టమని. ఆమె తిట్టేది కాదు, తరిమేది కాదు. చాప వేసి కూర్చోబెట్టి, పాళీ చేతికిచ్చి, ఇండియన్ ఇంకు సీసా ముందు పెట్టేది. అంతకంటే రెండు తిట్లు తిని పోయి ఉంటే బాగుండేదని వాళ్లు తరవాత చెప్పుకునేవాళ్లు.

"పాళీ నిటారుగా పట్టుకోమ్మా. వాలిస్తే చుక్కకి తోక వస్తుంది."

"వస్తే ఏమైద్ది టీచర్?"

"తోకచుక్క అవుతుంది. దాని చోటు ఆకాశం, నత్తగుల్ల కాదు."

మోషేగారికి పది ఆజ్ఞలు కావలసి వచ్చాయి. ఆమెకి నాలుగు సరిపోయాయి. పాళీ వాలకూడదు. చుక్కలు రేషను షాపు ముందు జనంలా వరస కట్టకూడదు, వరస కడితే గీత అవుతుంది, గీత అబద్ధం. వెలుతురు ఎప్పుడూ ఎడమ పక్క పైనుంచే రావాలి. గుల్ల మనకి కనపడకుండా ఒంపు తిరిగిపోయే చోట చుక్కలు ఒత్తుగా పడాలి. ఇవి పాటించినవాడు పాసవుతాడు, పాటించనివాడు మళ్లీ ఆదివారం వస్తాడు.

1984లో తెనాలిలో ఒక కాలేజీ వాళ్లు ఆమె చేత మూడడుగుల నత్తగుల్ల చార్టు వేయించుకున్నారు. పదకొండు వేల చుక్కలు. దాన్ని గోడకి తగిలించిన రోజున ఒక లెక్చరరు గుల్లని చేత్తో తీసుకోబోయి గోడకి వేళ్లు కొట్టుకున్నాడని ప్రతీతి. ఈ ప్రతీతిని ఊరూరా తిప్పినవాడు ఆమె భర్త వరప్రసాదం. మండలాఫీసులో గుమాస్తా. భార్య పెట్టిన చుక్కల గురించి ఆయనకి ఉన్నంత గర్వం ఆమెకి లేదు. ఆయన నోటికి ఉన్నంత దురదా ఆమెకి లేదు.

ఇలా ఉండగా 1993 జనవరిలో స్కూలుకి కంప్యూటరు వచ్చింది.

పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని పంపించారు. రిక్షాలో, బొంతలో చుట్టి, పక్కన ఇద్దరు మాస్టార్లు పట్టుకుని కూర్చుని రాగా, స్టేషను నుంచి స్కూలు దాకా ఊరేగింపుగా వచ్చింది. కుట్టుమిషన్ల గది ఖాళీ చేసి అందులో దించారు. కిటికీలకి నీలం తెరలు కట్టారు. గదిలోకి చెప్పులతో రాకూడదన్నారు. అది ఆనాడు దేశమంతా పాటించిన ఆచారం. కంప్యూటరుకి దుమ్ము పడదని పైకి చెప్పేవారు గాని, అసలు కారణం భక్తి. చర్చిలో చెప్పులు విడవడానికి బద్ధకించే పెద్దమనుషులు సైతం ఇక్కడ మేజోళ్లు కూడా విప్పారు.

యంత్రం వచ్చింది, గది వచ్చింది, గదికి తాళం వచ్చింది. పీరియడే లేదు. హెడ్మాస్టరు జకరయ్యగారు టైంటేబులుని ఎటు తిప్పినా ఎక్కడా ఖాళీ కనపడలేదు. స్కూలు కరస్పాండెంటు ప్రభుదాస్‌గారు మాత్రం ఒక్క చూపులో కనిపెట్టారు. వారానికి రెండేసి చొప్పున ప్రతి తరగతికీ ఉన్న డ్రాయింగు పీరియడ్లు ఆయన కళ్లకి రోడ్డు పక్క పోరంబోకు స్థలంలా కనపడ్డాయి.

ప్రారంభోత్సవానికి బాపట్ల నుంచి జగన్నాథం అనే ఆయన్ని పిలిచారు. ముప్ఫయ్యేళ్లు దాటని మనిషి, అక్కడ ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటరు లెక్చరరు. అర్చకుల ఇంట పుట్టి కంప్యూటర్లలోకి వచ్చాడు. యంత్రం ముందు కూర్చుని పలకరించేటప్పుడు ఆయన వంచే నడుంలో ఆ సంగతి తెలిసిపోయేది. ఆయన ఒక ఫ్లాపీ పెట్టి, తెర మీద చుక్కలతో నత్తగుల్ల గీయిస్తానన్నాడు. నత్తగుల్లే ఎందుకంటే, లెక్కల్లో అంత మర్యాద గల ప్రాణి మరొకటి లేదు. తన చుట్టూ తాను తిరుగుతూ, తిరిగినకొద్దీ పెద్దదవుతూ పోవడమే దాని జీవితం. ఒక్క చిన్న సూత్రంలో ఇమిడిపోతుంది.

స్టాఫు అంతా వట్టి కాళ్లతో నిలబడి చూశారు. నల్లటి తెర మీద ఒక్కొక్క చుక్కే పుట్టింది. మూడు నిమిషాల్లో నాలుగు వేల చుక్కలు నిండాయి. ముందు వైపు చుక్కలు, వెనక వైపు చుక్కలు, లోపలి మెలికలో చుక్కలు, అన్నీ పెళ్లివారి విడిదిలో చుట్టాల్లా కలగలిసిపోయాయి. ఎవరు ఎవరి తాలూకో తెలియలేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. ప్రభుదాస్‌గారు అందరికంటే గట్టిగా కొట్టి, "అద్భుతమండీ! అచ్చం..." అని ఆగి, జగన్నాథం వైపు వంగి, "ఏంటండీ అది?" అన్నారు.

"నత్తగుల్లండి."

"ఆఁ, అదే. అచ్చం నత్తగుల్లే."

"నత్తగుల్ల కాదండి," అంది వెనక నుంచి ప్రేమకుమారి. "చెమటకాయలు పొక్కిన బుడగ."

స్టాఫు నవ్వారు. ప్రభుదాస్‌గారు నవ్వలేదు. "టీచరుగారూ, మీకు మూడు వారాలు పట్టే పని అది మూడు నిమిషాల్లో చేసింది. ఇంకాస్త దిద్దుకుంటే మనకిక డ్రాయింగే అక్కర్లేదు," అని, అక్కడికక్కడే ఒక ప్రకటన చేశారు. ఏప్రిల్ ఇరవై మూడున కమిటీ మీటింగు. వచ్చే ఏటి టైంటేబులు ఆ రోజే ఖాయం చేస్తారు. ఆ లోపల ఈ యంత్రం నత్తగుల్లని నత్తగుల్లలా చూపిస్తే డ్రాయింగు పీరియడ్లు రెండూ కంప్యూటరుకి. చూపించలేకపోతే డ్రాయింగు డ్రాయింగే.

"మాటంటే మాట," అన్నారు. ఆయన మాట తప్పని మనిషి. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే.

ప్రేమకుమారి ఉద్యోగానికి ఢోకా లేదు. సోషల్ చెప్పమంటారు, అంతే. కాని పంటల పటాల్లో వరికి ఆకుపచ్చ, చెరుక్కి పసుపు పూయించుకుంటూ మిగిలిన పద్నాలుగేళ్ల సర్వీసు గడపడం తలుచుకుంటే ఆమెకి అన్నం సయించలేదు.

సభ అయ్యాక జగన్నాథం చెప్పులు చేత పట్టుకుని ఆమె వెనకాలే వచ్చాడు. "మేడం, ఒక్క నిమిషమండి. అందులో తప్పేంటో చెప్తారా?"

చెప్పకపోతే ఆమె పీరియడ్లు నిలుస్తాయి. అది ఆమెకి తెలుసు. కాని తప్పేంటని అడిగినవాడికి తప్పు చెప్పకుండా ఉండటం ఆమెకి ఇరవై రెండేళ్లుగా అలవాటు లేదు.

"మీ చుక్కలకి వెనకా ముందూ తెలియదండి."

"చుక్కకి వెనకా ముందూ ఏంటి మేడం? పొడుగు లేదు, వెడల్పు లేదు. దానికి ఉన్నది చోటొక్కటే."

"పొడుగూ వెడల్పూ లేకపోతే మరి నాకు కనపడిందేంటండి?"

జగన్నాథం చెప్పులు వేసుకోవడం మరిచి స్కూలు గేటు దాకా నడిచాడు. గేటు దగ్గర వెనక్కి తిరిగి, వీలైతే శనివారాలు బాపట్ల వచ్చి చూడమని బతిమాలాడు.

రేపల్లె నుంచి బాపట్లకి బస్సు ఉంది. ఆమెకి బస్సు పడదు. అందుకని పొద్దున్నే పాసింజరెక్కి తెనాలి వెళ్లి, అక్కడ ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిని, ఇంకో రైలెక్కి బాపట్లలో దిగేది. పడమరగా ఉన్న ఊరికి ఉత్తరంగా బయల్దేరడం వరప్రసాదానికి నవ్వులాటగా ఉండేది. అంతకంటే పెద్ద నవ్వులాట ఆమె వెళ్తున్న పని.

"నీ పీరియడుకి నువ్వే లాంగ్ బెల్లు కొడుతున్నావే ప్రేమా," అన్నాడు, సంచీలో మజ్జిగ సీసా పెడుతూ.

"మరి ఆ గుల్లని అలాగే వదిలెయ్యమంటారా? చెప్పానుగా ఎలా ఉందో!"

"వదిలేస్తే నీకే మంచిది కదే."

"గుల్లకి మంచిది కాదు," అని ఆమె వెళ్లిపోయింది.

బాపట్లలో మూడు శనివారాలు గడిచాయి. గుల్ల బాగుపడలేదు. ఆమె కాగితం మీద ఒక గుల్ల చుక్కలు పెట్టి చూపించేది. ఎడమ పక్క పల్చగా, కుడి పక్క ఒత్తుగా. జగన్నాథం దాన్ని అలాగే యంత్రంలోకి ఎక్కించేవాడు. అలా ఎక్కించిన గుల్ల చక్కగా వచ్చేది. కాని దాన్ని కాస్త పక్కకి తిప్పితే నీడ కూడా గుల్లతోపాటు తిరిగిపోయేది, ఎండ దానికి పాలేరన్నట్టు. దగ్గరికి లాగి పెద్దది చేస్తే చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగి, సందుల్లోంచి వెనకాల గోడ మెలికలన్నీ కనపడేవి.

"కాగితం తిరగదు బాబూ," అంది ఆమె. "నా చుక్కలు ఒక్క వైపు నుంచే నిజం. మీకు కావలసినవి అన్ని వైపుల నుంచీ నిజం చెప్పే చుక్కలు."

అలాంటి చుక్కలు ఎక్కడ దొరుకుతాయో ఇద్దరికీ తెలియదు.

ఈ లోపల రేపల్లెలో మరో ముచ్చట జరిగింది. పక్కింటి మంగతాయారుగారు గోడ మీదుగా తలపెట్టి, "ఏం వరప్రసాదం, టీచరుగారు శనివారం శనివారం సంచీ పట్టుకుని ఎక్కడికయ్యా?" అని అడిగింది.

"బాపట్లకండి. చుక్కల కోసం."

"చుక్కల కోసమా?"

"చుక్క పడందే ఆవిడకి పొద్దుపోదు కదండీ."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కాని ఆ సంవత్సరం ఆడవాళ్లు ఊరూరా సారా కొట్ల ముందు బైఠాయించిన సంవత్సరం. మంగతాయారుగారు కూడా రెండు సాయంత్రాలు చాప తీసుకుని వెళ్లి కూర్చుని వచ్చిన మనిషి. ఆ ఏడాది చుక్క అనే మాటకి ఊళ్లో ఒకటే అర్థం. సోమవారానికి వార్త వీధి దాటింది. బుధవారానికి చర్చికి చేరింది. గురువారం సాయంత్రం ప్రభుదాస్‌గారు, జకరయ్యగారు, మరి ఇద్దరు సంఘపెద్దలు తెల్ల బట్టలతో వచ్చి ముందు గదిలో కూర్చున్నారు. చిన్న ప్రార్థన చేశారు. ప్రేమకుమారి అందరికీ మంచినీళ్లు ఇచ్చింది. గ్లాసు వాసన చూసి తాగినవాడు ఒక్కడే అని చెప్పాలి.

"అమ్మా," అన్నారు ప్రభుదాస్‌గారు మెత్తగా, "మనిషన్నాక బలహీనతలుంటాయి. దాచుకోకు. ఈ చుక్క ఎప్పట్నించి?"

"చిన్నప్పట్నించేనండి. మా నాన్నగారు నేర్పారు."

"యాకోబు పంతులుగారా!" అని ఒక పెద్దాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"రోజుకి... సుమారు ఎన్ని?"

"మామూలు రోజుల్లో ఐదారొందలండి. సెలవు దొరికితే వెయ్యి దాకా."

ఒక పెద్దాయన గ్లాసు దూరంగా జరిపాడు.

"సాయంత్రమైతే చెయ్యి వణుకుతుందండి," అని ఆమె తన ధోరణిలో చెప్పుకుపోయింది, "అందుకని పొద్దున్నే మొదలుపెడతాను. స్కూల్లో పిల్లలకీ అలాగే అలవాటు చేశాను."

జకరయ్యగారు లేచి నిలబడ్డారు. అప్పుడు వరప్రసాదం వంటింట్లోంచి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చి, భార్య రికార్డు పుస్తకం తెచ్చి ప్రభుదాస్‌గారి ఒళ్లో తెరిచాడు. ఆయన కప్పనీ, కప్ప మీది చుక్కల్నీ, వరప్రసాదాన్నీ వరసగా చూశారు. మొదట పెద్దలు నవ్వారు, తరవాత జకరయ్యగారు కూర్చున్నారు, చివరికి ప్రభుదాస్‌గారి భుజాలు కదిలాయి.

నవ్వు సర్దుకున్నాక ఆయన అడిగారు. "అయితే బాపట్ల వెళ్తున్నది ఆ యంత్రానికి చుక్కలు నేర్పడానికా?"

"అవునండి."

"అది నేర్చుకుంటే మీ పీరియడ్లు పోతాయని తెలుసు కదా."

"తెలుసండి."

"మరెందుకమ్మా?"

"అది నత్తగుల్ల అని చెప్పుకుంటోంది కదండీ," అంది ప్రేమకుమారి. ఇంతకంటే వివరంగా ఆమెకి చెప్పడం రాలేదు. ప్రభుదాస్‌గారు గుమ్మం దాటాక కూడా ఆ జవాబుని పళ్లలో ఇరుక్కున్న చెరుకు పిప్పిలా తిప్పుకుంటూ పోయారు.

మార్చి రెండో శనివారం రేపల్లె పాసింజరు వేమూరు దాటాక చేల మధ్య ఆగిపోయింది. సిగ్నలు పడలేదు. ఒంటి దారి, ఎదురు బండి రావాలి. ప్రేమకుమారి కిటికీ పక్కన కూర్చుని ఉంది. బయట పాడుబడిన నీళ్ల ట్యాంకు ఒకటి, గుండ్రటి ఇటుక గోడతో, పది మంది చేతులు కలిపితే తప్ప అందనంత లావున ఉంది. దాని ఒళ్లంతా పిడకలు. ఒకావిడ బుట్ట పక్కన పెట్టుకుని కింది వరస కొడుతోంది.

ప్రేమకుమారి పిడకలు చూడటం అదే మొదలు కాదు. కాని ఆ రోజు చుక్కల కళ్లతో చూసింది. ఎదురుగా ఉన్న పిడకలు పళ్లెంలా గుండ్రంగా ఉన్నాయి. గోడ ఒంపు తిరిగేకొద్దీ అవే పిడకలు మామిడికాయలయ్యాయి, తరవాత చింతకాయలయ్యాయి, చివరి అంచున గీతలయ్యాయి. ఆ వెనక ఉన్నవి అసలు లేవు. ఇటుక ఎక్కడా కనపడలేదు. పొద్దుటి ఎండ తగిలిన వైపు పిడకలు పచ్చగా మెరుస్తున్నాయి, అవతలివి నల్లగా ఉన్నాయి.

"ఏమ్మా, నీ పేరేంటి?" అని కిటికీలోంచి అరిచింది.

"కనకదుర్గండి," అంది ఆవిడ తలెత్తకుండా.

"గుండ్రటి గోడ కదా, పిడక జారదూ?"

"ఎందుకు జారిద్దమ్మా? గోడ ఎటు చూస్తే పిడకా అటే చూడాల. అన్నీ నా మొగాన్ని చూడాలని కొడితే అంచులు లేచి ఊడిపోతయ్."

"మరి ఇంత దగ్గర దగ్గరగా కొట్టావు?"

"గోడ ఇంతే ఉంది, గేదెలు నాలుగున్నయ్. అంచుకి అంచు తగలకపోతే ఎట్టా సరిపోద్ది? ఏం, కొనుక్కుంటావా ఏంటి?"

"కొనను. చూస్తాను."

"చూట్టానికి డబ్బుల్లేవులే, చూడు," అని కనకదుర్గ ఒక ముద్ద తీసి, గోడ ఒంపుకి సరిగ్గా అరచేత్తో అదిమింది. ఐదు వేళ్లూ పడ్డాయి. ఆ వేళ్ల అచ్చు చూస్తే పిడక ఎటు చూస్తోందో గుడ్డివాడికైనా తెలుస్తుంది. బండి కూత వేసింది. ప్రేమకుమారి బాపట్ల దాకా సంచీ ఒళ్లోంచి దించకుండా కూర్చుంది, అందులో ఆ గోడ మొత్తం ఉన్నట్టు.

"బాబూ, మనం చుక్కలు పెట్టకూడదు. పిడకలు కొట్టాలి," అంది ల్యాబు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

ల్యాబులో ఉన్న నలుగురూ తలలు తిప్పారు. గది ఏసీది. గోడ మీద నిశ్శబ్దం పాటించమని ఉంది. ఆ గదిలో ఆ మాట అంతకు ముందు ఎవరూ వాడలేదు.

ఆమె సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గోడ వేసింది, గోడ మీద పిడకలు వేసింది. ప్రతి చుక్కకీ ఒక వెడల్పు ఉండాలి, దగ్గరికి వస్తే అదీ పెరగాలి, పక్కదాని అంచు మీదికి కాస్త ఎక్కాలి. అప్పుడు సందులుండవు. ప్రతి చుక్కకీ ఒక మొహం ఉండాలి. మొహం మన వైపు ఉంటే గుండ్రంగా కనపడాలి, పక్కకి ఉంటే సన్నబడాలి, అవతలికి తిరిగితే కనపడనే కూడదు. వెలుతురు వైపు మొహం ఉన్నది తెల్లగా, లేనిది నల్లగా.

"అప్పుడు గుల్ల తిప్పినా నీడ తిరగదు. మొహాలు తిరుగుతాయి, ఎండ ఉన్నచోటే ఉంటుంది."

జగన్నాథం బోర్డు దగ్గరికి వచ్చి ఒక పిడక మీద వేలు పెట్టాడు. "చుక్కకి మొహం," అన్నాడు. "నేను వాటికి ఇంటి నంబరే ఇచ్చానండి. తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా రాయలేదు. మా నాన్నగారు వింటే చెంప పగలగొడతారు. ముఖం తెలియకుండా ఇల్లు కట్టేదెవరండి!"

అప్పటిదాకా ప్రతి చుక్కకీ చోటు చెప్పే అంకెలు మూడు ఉండేవి. మొహానికి మరో మూడు చేర్చాడు. వెడల్పుకి ఒకటి. ఇలాంటి ఆలోచనల మీద దూరదేశాల్లో కొందరు పండితులు అప్పటికే వ్యాసాలు రాసి ఉన్నారని ఆయనకి తరవాతెప్పుడో తెలిసింది. బాపట్ల లైబ్రరీకి ఆ వ్యాసాలు రాలేదు, రేపల్లె పాసింజరు వచ్చింది.

రెండు వారాలు తప్పులు, తప్పుల దిద్దుబాట్లు. మొదటిసారి మొహాలన్నీ లోపలికి తిరిగిపోయి గుల్ల తనలోకి తానే చూసుకుంది. రెండోసారి అంతా సవ్యంగా వస్తూ వస్తూ ఉండగా, పదకొండు నిమిషాల బొమ్మలో తొమ్మిదో నిమిషాన కరెంటు పోయింది. ఏప్రిల్ మూడో తారీఖున, మధ్యాహ్నం పన్నెండున్నరకి, తెర మీద పై నుంచి కిందికి ఒక్కొక్క పిడకే పడుతూ, బూడిద రంగు ఛాయల్లో, ఎడమ పక్క మెరుపుతో, కుడి పక్క చిక్కటి నీడతో నత్తగుల్ల నిలబడింది. జగన్నాథం దాన్ని తిప్పాడు. మళ్లీ పదకొండు నిమిషాలు. మెరుపు కదల్లేదు. దగ్గరికి లాగాడు. ఇంకో పదకొండు. సందు లేదు.

ప్రేమకుమారి ఆ ముప్ఫై మూడు నిమిషాలూ కూర్చోలేదు. అయ్యాక ముక్కు తెరకి ఆనేంత దగ్గరికి వెళ్లి చూసి, "కింద పేరు రాయండి," అంది.

జగన్నాథం నత్తగుల్ల అని టైపు చేశాడు, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆమె ఒక్కసారిగా పకపకా నవ్వింది. ఏసీ గదిలో నిశ్శబ్దం పాటించమన్న బోర్డు కిందే నిలబడి, కొంగుతో కళ్లొత్తుకుంటూ నవ్వింది. జగన్నాథమూ నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నదీ ఇద్దరికీ తెలియదు. తెలుసుకునే తొందర కూడా లేదు. ఆ సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫారం మీద ఆమె ఇడ్లీతోపాటు మైసూర్‌పాక్ కూడా తింది. పీరియడ్లు పోయాయన్న సంగతి భట్టిప్రోలు దగ్గర గుర్తొచ్చింది.

ఏప్రిల్ ఇరవై మూడున కమిటీ కూర్చుంది. ఎండాకాలం కాబట్టి బల్ల మీద షర్బత్తు కోసం నిమ్మకాయల పళ్లెం ఉంది. ప్రభుదాస్‌గారు, జకరయ్యగారు, చందాలిచ్చిన పెద్దల తరఫున బియ్యం మిల్లు వీరరాఘవయ్యగారు, మరి ముగ్గురు. జగన్నాథం ఫ్లాపీ పెట్టాడు. పదకొండు నిమిషాల తరవాత ఎవరూ అది ఏంటని అడగలేదు. "ఓరి దీన్ని! మా మడిలో దొరికే గుల్లే," అన్నారు వీరరాఘవయ్యగారు.

ప్రభుదాస్‌గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మొహంలో సంతోషం ఉండవలసినంత లేదు. "యంత్రం గెలిచింది. మాటంటే మాట. డ్రాయింగు పీరియడ్లు రెండూ కంప్యూటరుకి. రాయండి."

జకరయ్యగారు కలం తెరిచారు. ప్రేమకుమారి చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది. గుల్ల బాగుంది. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

"ఇక జూన్ నుంచి మన పిల్లలు ఇలాంటివి వేసేస్తారు కదండీ?" అన్నారు ప్రభుదాస్‌గారు.

"వెయ్యలేరండి," అన్నాడు జగన్నాథం.

"అదేంటి?"

"ప్రతి చుక్కా ఎటు చూస్తోందో మనమే చెప్పాలండి. యంత్రానికి తెలియదు. నేను ఎంటెక్ చదివాను, నాకూ తెలియలేదు." ఆయన పళ్లెంలోంచి ఒక నిమ్మకాయ తీసి, తొడిమకి కాస్త పక్కన కలంతో చుక్క పెట్టి బల్ల మధ్యలో ఉంచాడు. "ఇది ఎటు చూస్తోందండి?"

"నా వైపు," అన్నారు వీరరాఘవయ్యగారు వెంటనే.

"మీ వైపేంటండీ, పైకి చూస్తోంది," అన్నారు ప్రభుదాస్‌గారు.

"నాకేమో కిటికీ వైపు చూస్తున్నట్టుంది," అన్నారు జకరయ్యగారు.

"కిటికీ ఎక్కడుంది, నిమ్మకాయ ఎక్కడుంది! హెడ్మాస్టరై ఉండి..." అన్నారు వీరరాఘవయ్యగారు.

"మిల్లులో కాటా చూసినట్టు కాదండీ ఇది!"

పెద్దమనుషులు ఆరుగురు ఆరు దిక్కులు చెప్పి, కుర్చీల్లోంచి లేచి, ఒకరి వేలు ఒకరు పక్కకి తోసుకున్నారు. ప్రేమకుమారి కాసేపు ఓర్చుకుంది. తప్పు జరుగుతుంటే అంతకంటే ఓర్చుకోవడం ఆమె వల్ల కాదు. ఫైలుకి గుచ్చిన గుండుసూది ఒకటి లాగి, నిమ్మకాయ తీసుకుని, చుక్క మీద ఎటూ వాలకుండా నిటారుగా గుచ్చింది.

"ఇటండి. సూది ఎటు చూస్తే చుక్క అటు."

వీరరాఘవయ్యగారు ఇంకో నిమ్మకాయ తీసుకున్నారు. "ఇంకో సూది ఉందా అమ్మా?" ఆయన గుచ్చింది వాలింది. ఆమె తీసి సరిచేసింది. ప్రభుదాస్‌గారు కూడా ఒకటి తీసుకున్నారు. పావుగంటలో షర్బత్తుకి నిమ్మకాయలు మిగల్లేదు. ముళ్లపందుల్లా ఆరు బల్ల మీద కూర్చున్నాయి. ఫైళ్ల కాగితాలు ఫాను గాలికి గదంతా ఎగిరాయి.

చివరికి ప్రభుదాస్‌గారు సూదుల నిమ్మకాయని రెండు వేళ్ల మధ్య పట్టుకుని తీర్మానం చెప్పారు. "మాట తప్పేది లేదు. డ్రాయింగు పీరియడ్లు రెండూ కంప్యూటరుకే. రాశారా? ఇక కంప్యూటరు పీరియడ్లలో చుక్కలు, మొహాలు, నీడలు బోధించువారు శ్రీమతి కె. ప్రేమకుమారిగారు. అవి వచ్చిన పిల్లలకే యంత్రం. గది తాళం ఆవిడ దగ్గర. రాయండి."

జకరయ్యగారు రాసి, ఒకసారి చదువుకుని, తలెత్తారు. "అంటే ఏం మారిందండి?"

"పేరు మారింది," అన్నారు ప్రభుదాస్‌గారు గంభీరంగా.

ప్రేమకుమారి లేచి నిలబడింది. అందరూ ఆమె కృతజ్ఞతలు చెబుతుందనుకున్నారు.

"ఆ రెండూ చుక్కలకే చాలవండి," అంది. "ఇక పిల్లలకి రంగులు ఎప్పుడు నేర్పమంటారు? వారానికి ఇంకొక్క పీరియడు కావాలి."

"టైంటేబుల్లో ఎక్కడుందమ్మా ఖాళీ!" అన్నారు జకరయ్యగారు.

వీరరాఘవయ్యగారు టైంటేబులు కాగితాన్ని దగ్గరికి లాక్కుని, ఒక గడి మీద వేలు పెట్టారు. "ఇదేంటండి, జనరల్ నాలెడ్జి? ఎవరు చెప్తారు?"

"నేనేనండి," అన్నారు జకరయ్యగారు.

కమిటీ అంతా ఆయన గుచ్చిన నిమ్మకాయ వైపు చూసింది. సూదులన్నీ కిటికీ వైపే ఉన్నాయి. జకరయ్యగారు కూడా చూసుకున్నారు. కలం తీసి, తన పీరియడుని తానే అడ్డంగా కొట్టేసి, ఆ గడిలో రంగులు అని రాసి, "నన్ను కూడా వెనక బెంచీలో కూర్చోనిస్తారా టీచరుగారూ?" అన్నారు.

"సూదులు తెచ్చుకోండి సార్," అంది ప్రేమకుమారి.